ఇల్లు మారుతున్నారా? నడుము జాగ్రత్త!

పిల్లల పరీక్షలు అయిపోయి ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే మన వీధుల్లో సామాన్ల బళ్ళు తిరగడం మొదలవుతుంది. జూన్ 12న బడులు తెరిచేలోగా కొత్త ఇంట్లో సర్దుకోవాలని అందరికీ ఆరాటం. బదిలీ మీద వెళ్ళేవారు కొందరు, ఓనరు అద్దె పెంచాడని మారేవారు కొందరు, ఏళ్ళ తరబడి కూడబెట్టి సొంత ఇల్లు కట్టుకుని సంతోషంగా వెళ్ళేవారు కొందరు. రెండు మూడు రోజుల తరువాత వీరిలో కొందరు నడుము పట్టుకుని వంగిపోయి మన ఓ.పి.కి వస్తారు. "సిస్టర్, బీరువా జరుపుతుంటే కలుక్కుమందండీ" అంటారు.

నొప్పి ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. కానీ నడుము పట్టేసిన తాపీ మేస్త్రీకి రెండు మూడు వారాలు పని ఉండదు. హమాలీలకు ఇచ్చే డబ్బు మిగులుతుందని బీరువా తానే ఎత్తినందుకు అంతకు పది రెట్లు కూలి పోగొట్టుకున్నవారిని చూశాం. ఇంట్లో తల్లికి నడుము పట్టేస్తే కొత్త ఇంట్లో పొయ్యి వెలిగించేవారే ఉండరు. నడుము నొప్పి చిన్న జబ్బు కాదు. 2020 సంవత్సరంలో ప్రపంచంలో 61.9 కోట్ల మంది దీనితో బాధపడ్డారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మనిషిని పనికి దూరం చేసే కారణాల్లో మొదటి స్థానం దీనిదే. అందుకే ఈ సంచికలో ఇల్లు మారేటప్పుడు నడుమును ఎలా కాపాడుకోవాలో చెప్పుకుందాం.

నడుములో ఏం జరుగుతుంది?

మన వెన్నెముకలో మెడ దగ్గర 7, వీపులో 12, నడుములో 5 పూసలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. వాటికింద త్రికాస్థి, తోక ఎముక ఉంటాయి. పూసకూ పూసకూ మధ్య ఒక మెత్తటి దిండు ఉంటుంది. దీన్నే డిస్క్ అంటాం. తాటిముంజను గుర్తు తెచ్చుకోండి. పైన పొర, లోపల మెత్తటి గుజ్జు. డిస్క్ కూడా అలాంటిదే, కాకపోతే దాని పొర చాలా గట్టిది, అనేక వరుసలుగా అల్లి ఉంటుంది. ముంజను ఒక పక్కనే గట్టిగా నొక్కితే గుజ్జు రెండో పక్కకు తోసుకువస్తుంది కదా! ముందుకు వంగి బరువు ఎత్తినప్పుడు డిస్క్ ముందు భాగం నలిగి, గుజ్జు వెనక్కి నెట్టబడుతుంది. వెనకాలే కాళ్ళలోకి వెళ్ళే నరాలు ఉన్నాయి. పొర చిరిగి గుజ్జు వాటిమీద ఒరిగితే పిరుదు నుంచి తొడ, పిక్క, పాదం దాకా కరెంటు షాకులాగా నొప్పి లాగుతుంది. దాన్ని సయాటికా అంటారు. ఎక్కువగా ఇది నడుము చివరి రెండు డిస్కుల దగ్గరే జరుగుతుంది, ఎందుకంటే పైభారమంతా అక్కడే పడుతుంది.

అయితే కలుక్కుమన్న ప్రతి నడుములోనూ డిస్క్ జారిందని భయపడకండి. ఎక్కువ మందికి పట్టేసేది కండరాలూ, పూసలను కట్టి ఉంచే నారలే.

బరువు ఎంత అన్నది ఎంత ముఖ్యమో, దాన్ని ఒంటికి ఎంత దూరంగా పట్టుకున్నాం అన్నదీ అంతే ముఖ్యం. 1999లో జర్మనీ పరిశోధకులు ఒక ఆరోగ్యవంతుడి డిస్క్‌లో చిన్న పరికరం అమర్చి, ఆయన రకరకాల పనులు చేస్తుంటే లోపలి ఒత్తిడిని కొలిచారు. ఊరికే నిలుచున్నప్పుడు 0.5 ఉన్న ఒత్తిడి, 20 కిలోల బరువును నడుము వంచి ఎత్తినప్పుడు 2.3కు పెరిగింది. అంటే నాలుగు రెట్లు దాటింది. అదే బరువును మోకాళ్ళు వంచి ఎత్తితే 1.7. ఒంటికి ఆనించి పట్టుకుని నిలుచుంటే 1.1 మాత్రమే. రొమ్ముకు రెండడుగుల దూరంలో చేతులు చాపి పట్టుకుంటే మళ్ళీ 1.8కి పెరిగింది. కొలిచింది ఒక్క మనిషినే అయినా సంగతి అర్థమవుతుంది. చంటిబిడ్డను చంకన పెట్టుకుంటే అలుపు రాదు, చేతులు చాపి అరనిమిషం పట్టుకోమంటే భుజాలు పడిపోతాయి.

ముందు బరువు తగ్గించండి

"మోకాళ్ళు వంచి ఎత్తండి, నడుము వంచకండి" అని మేము నర్సులకు ఎప్పటినుంచో నేర్పుతున్నాం, నేర్పాలి కూడా. కానీ ఎలా ఎత్తాలో నేర్పినంత మాత్రాన నడుము నొప్పులు తగ్గిపోవడంలేదని ఈమధ్య కాలపు పెద్ద పరిశోధనలు చెబుతున్నాయి. ఎత్తే పద్ధతి కంటే ముందు, ఎత్తే బరువు తగ్గాలి, ఎత్తేసార్లు తగ్గాలి. ఆసుపత్రుల్లో కూడా ఇప్పుడు లావుపాటి పేషెంటును చేతులతో ఎత్తవద్దు, దుప్పటి మీద జరపండి, బల్ల వాడండి అంటున్నాం. ఇంటి సామానుకూ అదే సూత్రం.

మన ఇంట్లో ఏది ఎంత బరువో చాలామందికి తెలియదు. నిండు గ్యాస్ సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు, ఇనుప బండ మరో 15, 16 కిలోలు. రెండూ కలిపి 30 కిలోల దాకా. బియ్యం బస్తా 25, 26 కిలోలు. నీళ్ళ టిన్ను 20 కిలోల పైమాటే. బ్రిటన్ దేశపు పని భద్రతా సంస్థ వేసిన అంచనా ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న మగవారు నడుము ఎత్తులో, ఒంటికి దగ్గరగా పట్టుకుని 25 కిలోలు, ఆడవారు 16 కిలోలు ఎత్తవచ్చు. అదే నేలమీద నుంచి ఎత్తాలంటే మగవారికి 10, ఆడవారికి 7 కిలోలు దాటితే జాగ్రత్తపడాలి. మన ఇళ్ళలో ఆడవాళ్ళు నేలమీది సిలిండరును ఒక్కరే ఎత్తి పక్కకు పెట్టడం రోజూ చూస్తూనే ఉన్నాం. ఆ లెక్కకు ఇది నాలుగు రెట్లు!

కాబట్టి ఇల్లు మారడానికి రెండు వారాల ముందునుంచే సామాను తగ్గించడం మొదలుపెట్టండి. అటక మీద పదేళ్ళుగా దించని సామాను కొత్త ఇంట్లోనూ అటక మీదికే వెళుతుంది. విరిగిన కుర్చీలు, పాత పేపర్లు, తుప్పు పట్టిన ట్రంకు పెట్టె అమ్మేయండి. బియ్యం బస్తా ఇల్లు మారాక కొనండి. మరో ఊరు వెళ్ళేవారైతే సిలిండర్లు, రెగ్యులేటరు ఇక్కడి డీలరుకు అప్పగించి కాగితం తీసుకుని, అక్కడ మళ్ళీ తీసుకోవచ్చు. ఆ బరువు మోయనే అక్కర్లేదు. రుబ్బురోలు విషయంలో మాత్రం అమ్మమ్మల కాలంనాటిది, వదలలేం అంటారు. సరే, పొత్రం వేరుగా, రోలు వేరుగా, ఇద్దరు మగవాళ్ళు పట్టుకుని తీసుకువెళ్ళాలి. గ్రైండరుకు కూడా రాళ్ళు తీసి విడిగా పెట్టండి.

అట్టపెట్టెలు దొరికాయి కదా అని పెద్ద పెట్టె నిండా పుస్తకాలు నింపేస్తారు. పుస్తకాలంత బరువు ఇంకేదీ ఉండదని టీచర్ల ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళు చెబుతారు. పుస్తకాలు, ఇత్తడి గిన్నెలు, పచ్చడి జాడీలు చిన్న పెట్టెల్లో పెట్టండి. పెద్ద పెట్టెల్లో దిళ్ళు, బట్టలు, ప్లాస్టిక్ సామాను పెట్టండి. నింపిన పెట్టెను కాలితో కొద్దిగా నెట్టి చూడండి, కదలకపోతే సగం తీసేయండి. చీరలు, దుప్పట్లు పాత దుప్పటిలో మూట కట్టడం మంచి పద్ధతే, మూటకు పట్టు బాగా దొరుకుతుంది. కానీ ఒక్కో మూట ఒక్క మనిషి తేలికగా ఎత్తేటట్టు ఉండాలి. గోనెసంచిలో కట్టిన గిన్నెలకు పట్టుకోవడానికి చెవులు ఉండేలా మూలలు ముడి వేయండి.

బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, డబుల్ కాట్ మంచం వంటివాటికి హమాలీలను పిలవండి. డబ్బు దండగని అనుకోవద్దు. వాళ్ళకు తాళ్ళు ఉంటాయి, అలవాటు ఉంటుంది, ఎవరు ఎటు పట్టాలో తెలుసు. సంఘంలోని యువకులు సంతోషంగా సాయానికి వస్తారు, వాళ్ళ మంచి మనసు మెచ్చుకోదగినదే. కానీ కంప్యూటరు ముందు కూర్చుని చదువుకునే పిల్లలకు ఒక్కసారిగా బీరువా అప్పగించడం న్యాయం కాదు. వాళ్ళకు పెట్టెలు, మూటలు ఇవ్వండి.

తెల్లవారుజామున తొందర వద్దు

ఎండకు భయపడి చాలామంది నాలుగున్నరకే లేచి, ముఖం కడుక్కుని వెంటనే బరువులు ఎత్తడం మొదలుపెడతారు. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున్న లేచేసరికి మనం ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు పొడుగవుతాం కూడా. ఉబ్బిన డిస్కు వంగడానికి ఒప్పుకోదు, అప్పుడు నడుము వంచితే దానిమీద ఎక్కువ భారం పడుతుంది. అందుకని లేచిన మొదటి గంటలో వంగి ఎత్తే పని పెట్టుకోవద్దు. ఆ గంటలో టిఫిన్ తినండి, కాఫీ తాగండి, చిన్నచిన్న సామాను బయట పెట్టండి, నాలుగడుగులు నడవండి. ఒళ్ళు వేడెక్కిన తరువాతే బరువుల జోలికి వెళ్ళండి. అలాగే బండిలో మూడు గంటలు కూర్చుని ప్రయాణం చేసి దిగీ దిగగానే సామాను దించవద్దు. పది నిమిషాలు అటూ ఇటూ తిరిగాక మొదలుపెట్టండి.

మే నెల ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేస్తే కండరాలు పట్టేస్తాయి, కళ్ళు తిరుగుతాయి. బిందె, గ్లాసు అన్నింటికంటే చివర్లో సర్దండి. మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగండి, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు కూడా దగ్గర పెట్టుకోండి. బరువైన సామాను పది గంటల్లోపు, లేదా సాయంత్రం దించుకోండి.

కాళ్ళకు హవాయి చెప్పులు వద్దు. వెనక పట్టీ ఉన్నవిగాని బూట్లుగాని వేసుకోండి. ఆడవారు కొంగు దోపుకోవాలి, కుచ్చిళ్ళు పైకి చెక్కుకోవాలి. గడప దగ్గర తట్టుకుని పడేవారు ఎక్కువ. దారిలో బకెట్లు, చెప్పులు, ఆడుకునే పిల్లలు లేకుండా చూడండి.

ఎత్తే తీరు

బరువుకు దగ్గరగా నిలబడండి. కాళ్ళు భుజాలంత ఎడంగా, ఒక పాదం కొద్దిగా ముందుకు పెట్టండి. తుంటి దగ్గర, మోకాళ్ళ దగ్గర వంగండి, వీపు గూనిగా కాకుండా చూసుకోండి. పూర్తిగా గొంతుక్కూర్చోనక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులున్నవారికి అది చేతకాదు, నడుముకు దానివల్ల అదనపు లాభమూ లేదు. పెట్టెను ఒంటికి ఆనించుకుని, ఊపిరి బిగపట్టకుండా, తొడల బలంతో లేవండి. గుంజుడు వద్దు, నెమ్మదిగా లేపండి.

అన్నింటికంటే ముఖ్యమైనది, బరువు చేతిలో ఉండగా నడుము మెలిపెట్టకూడదు. పక్కనున్నవారికి పెట్టె అందించేటప్పుడు పాదాలు కదలకుండా నడుము ఒక్కటే తిప్పుతాం. వంగడమూ మెలితిరగడమూ కలిసినప్పుడే డిస్క్ పొర చిరిగే ప్రమాదం ఎక్కువ. బండి మీదనుంచి పెట్టెలు అందించుకునేటప్పుడు ఇదే పొరపాటు వందసార్లు జరుగుతుంది. పాదాలు తిప్పండి, ఒళ్ళంతా కలిసి తిరగాలి.

ఇద్దరు పట్టుకున్నప్పుడు మాట ఒక్కరిదే కావాలి. వార్డులో పేషెంటును స్ట్రెచర్ మీదనుంచి మంచం మీదికి మార్చేటప్పుడు తల దగ్గరున్నవారు "ఒకటి, రెండు, మూడు" అంటారు, మూడుకు అందరూ కలిసి కదులుతారు. ఒకరు రెండుకే ఎత్తితే బరువంతా ఆ ఒక్కరి నడుము మీద పడుతుంది. బీరువాకూ ఇదే పద్ధతి. దించేటప్పుడు కూడా లెక్కపెట్టండి, చాలా నడుములు పట్టేసేది దించేటప్పుడే. ఎవరికైనా పట్టు జారుతుంటే సిగ్గుపడకుండా "దించండి" అని అరవాలి.

బీరువా పూర్తిగా ఖాళీ చేయాలి. లాకరులో ఇంకేదో ఉండిపోయిందని చూడకుండా ఎత్తవద్దు. తలుపులు తాళం వేసి తాడుతో కట్టండి. గచ్చు మీద, టైల్స్ మీద అయితే కింద గోనెపట్టా గాని పాత దుప్పటి గాని దూర్చి జరపండి. లాగడం కంటే నెట్టడం నడుముకు మేలు. లాగేటప్పుడు వెనక్కి నడుస్తాం, వంగుతాం, వెనకున్నది కనబడదు. మెట్ల మీద కింద ఉన్నవారి మీద ఎక్కువ భారం పడుతుంది కాబట్టి, బలమైనవారు, పొడుగైనవారు కింద ఉండాలి. బీరువా అదుపు తప్పితే దాన్ని ఆపడానికి వెళ్ళవద్దు, పక్కకు తప్పుకోండి. సొట్ట పడిన బీరువాను బాగుచేయించుకోవచ్చు.

నడుముకు బెల్టు పెట్టుకుని ఎత్తవచ్చా అని చాలామంది అడుగుతారు. బెల్టు వల్ల నడుము దెబ్బ తగలకుండా ఉంటుందనడానికి ఆధారం దొరకలేదు. బెల్టు ఉందన్న ధైర్యంతో ఇంకాస్త ఎక్కువ బరువు ఎత్తడమే జరుగుతుంది.

ఎవరు అసలే ఎత్తకూడదు?

గర్భిణులు, కాన్పయి ఆరు వారాలు నిండని బాలింతలు, ముఖ్యంగా సిజేరియన్ అయినవారు తమ బిడ్డ కంటే బరువైనది ఎత్తకూడదు. గర్భసంచి తీయించుకున్నవారు, హెర్నియా ఆపరేషన్ అయినవారు కూడా అంతే, డాక్టరుగారు చెప్పేదాకా ఆగాలి. గుండె బైపాస్ అయినవారికి రొమ్ము ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కంటి శుక్లం ఆపరేషన్ అయినవారు మొదటి కొన్ని వారాలు బరువులు ముట్టవద్దు. గర్భసంచి జారినవారికి బరువులెత్తితే ఇంకా జారుతుంది.

మన ప్రాంతంలో ముప్పై, నలభై ఏళ్ళకే గర్భసంచి తీయించుకున్న అక్కచెల్లెళ్ళు ఎక్కువ. అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఎముకలు త్వరగా గుల్లబారతాయి. అలాంటివారికి, అరవై దాటిన అమ్మమ్మలకు, చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడినవారికి నీళ్ళ బకెట్ ఎత్తినా పూస నలిగిపోవచ్చు. "నేను ఊరికే కూర్చోలేను" అని పెద్దవాళ్ళు లేస్తూనే ఉంటారు. వారికి కుర్చీ వేసి, ఏ పెట్టెలో ఏముందో రాసే పనో, వచ్చినవారికి మజ్జిగ అందించే పనో అప్పగించండి.

సామాను చేరిన తరువాత కూడా ప్రమాదం ఉంది. అలిసిపోయిన ఒంటితో అదే రాత్రి అన్నీ సర్దేయాలని కూర్చుంటారు. ఆ రాత్రికి పక్కలు, వంట గిన్నెలు, మందులు తీసుకుంటే చాలు. మిగిలినవి వారం రోజుల్లో సర్దవచ్చు. రోజూ వాడే బరువైనవి నడుము ఎత్తు అరల్లో పెట్టండి, అటక మీద తేలికవి మాత్రమే పెట్టండి.

కలుక్కుమంటే ఏం చేయాలి?

పని అక్కడే ఆపేయండి. ఓర్చుకుని ఇంకో పెట్టె ఎత్తవద్దు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళ కింద దిండ్లు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. వేడి నీళ్ళ సంచితో కాపడం పెట్టుకోవచ్చు. నొప్పి మాత్ర ఏది వేసుకోవాలో డాక్టరుగారిని అడగండి. కడుపులో పుండు, బి.పి., కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవారికి కొన్ని నొప్పి మాత్రలు హాని చేస్తాయి. రోజుకొక ఇంజెక్షన్ వేయించుకుంటూ తిరగడం మంచిది కాదు.

పూర్వం నెల రోజులు మంచం దిగవద్దు అనేవారు. ఇప్పుడు అలా చెప్పడంలేదు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి చాలు, తరువాత నొప్పి ఓర్చుకోగలిగినంత మేర నడవాలి, చిన్న పనులు చేసుకోవాలి. పడుకునే ఉంటే కండరాలు నీరసించి నొప్పి నిలిచిపోతుంది. ఎక్కువమందికి నాలుగు నుంచి ఆరు వారాల్లో తగ్గిపోతుంది. డిస్క్ జారినవారిలో కూడా చాలామందికి ఆపరేషన్ లేకుండానే నయమవుతుంది.

ఎదురుకాళ్ళతో పుట్టినవారి చేత నడుము మీద తన్నించుకుంటే పట్టు వదులుతుందని ఒక నమ్మకం మన పల్లెల్లో ఇంకా ఉంది. దయచేసి అలా చేయవద్దు. పూస నలిగి ఉన్నా, డిస్క్ నరంమీద ఒరిగి ఉన్నా ఆ ఒక్క తన్నుతో కాలు పడిపోవచ్చు. గట్టి మర్దనా కూడా మొదటి రోజుల్లో వద్దు.

వెంటనే స్కానింగ్ తీయించమని కొందరు పట్టుపడతారు. నొప్పి ఏమీ లేనివారికి స్కాన్ తీసినా 50 ఏళ్ళ వయసులో 60 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనబడిందని 2015లో వచ్చిన ఒక సమీక్షలో తేలింది. తల నెరిసినట్టే డిస్కూ నెరుస్తుంది. కాబట్టి డాక్టరుగారు అవసరమన్నప్పుడే తీయించండి.

అయితే కొన్ని లక్షణాలు కనబడితే ఒక్క రోజు కూడా ఆగకూడదు. మూత్రం రాకపోవడం, తెలియకుండా పోవడం, విరేచనం అదుపు తప్పడం, తొడల మధ్య, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం. ఇవి నడుము చివర నరాల గుత్తి నలిగిపోతోందనడానికి గుర్తులు. ఇలాంటివి చెప్పుకోవడానికి మన ఆడవారు సిగ్గుపడి రెండు మూడు రోజులు దాచుకుంటారు. గంటలు గడిచేకొద్దీ నరాలు కోలుకునే అవకాశం తగ్గిపోతుంది, ఆలస్యమైతే జీవితమంతా గొట్టం పెట్టుకుని ఉండాల్సి రావచ్చు. అర్ధరాత్రి అయినా క్యాజువాలిటీకి తీసుకురండి. వచ్చాక డాక్టరుగారికి చెప్పడానికి మొహమాటమైతే ముందు డ్యూటీ సిస్టరుకు చెప్పండి.

పాదం పైకి లేవక ఈడ్చుకుంటూ నడవడం, రెండు కాళ్ళలో బలం తగ్గడం కూడా ఆ రోజే చూపించుకోవలసినవి. నొప్పితోపాటు జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని నొప్పి ఉన్నా, గతంలో క్యాన్సర్ వచ్చి ఉన్నా, ఇంట్లో ఎవరికైనా టి.బి. ఉన్నా తప్పక చెప్పండి. వెన్నుపూసకు టి.బి. పట్టినవారు కూడా "సామాను మోశాను, అందుకే నొప్పి" అనుకుంటూ నెలలు గడిపేస్తారు.

ఈ గుర్తులేవీ లేకుండా నొప్పి తగ్గినవారు తిరిగి బరువులు ఎత్తడం ఒక్కసారిగా మొదలుపెట్టవద్దు. ముందు రోజూ అరగంట నడక, తరువాత ఫిజియోథెరపీలో నేర్పే వ్యాయామాలు, ఆ తరువాత సగం బకెట్ నీళ్ళు. వారం తిరిగేసరికి సగం బకెట్ బాధ లేకుండా ఎత్తగలిగితే, అప్పుడు నిండు బకెట్.